విద్యకు వెల కట్టవచ్చునా?

“ప్రజల సొమ్ముతో పరిశోధనలు చేయు విశ్వవిద్యాలయ పండితులు తాము కనుగొన్న మందులకు పేటెంటు పుచ్చుకొనుట విద్యావిక్రయము కాదా?” యని యొక సోదరి మమ్మడిగినది. జీతమునకు విద్య చెప్పువారు శ్రాద్ధభోక్తల పంక్తికి తగరని మనుస్మృతి చెప్పినది. ఆ లెక్కను మా యింటివారికే విస్తరి దొరకదు! కావున స్మృతుల నటుంచి, జరిగిన కథను జూతము.

పేటెంటనగా, కనుగొన్నవాని యనుమతి లేక యితరులు కొన్నియేండ్లవరకు ఆ వస్తువును చేయకుండ, అమ్మకుండ నడ్డగించు హక్కు.

మధుమేహము నెరుగని యిల్లు నేడరుదు. 1921వ సంవత్సరమునకు బూర్వ మీ వ్యాధి పిల్లలకు వచ్చినచో, వైద్యులు వారిని పస్తులుంచి కొంతకాలము ప్రాణము నిలుపుట తప్ప వేరేమియు జేయలేకపోయిరి. ఆ యేట కనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమున, మాక్లియడ్డు పండితుని ప్రయోగశాలలో బాంటింగు, బెస్టు అనువారు జంతువుల క్లోమమునుండి యిన్సులినును దీసిరి. కాలిపు అను రసాయనవేత్త దానిని శుద్ధిచేసెను. 1922 జనవరిలో లియొనార్డు థాంప్సను అను 14 ఏండ్ల బాలున కా మందిచ్చిరి. వాడు మరి 13 ఏండ్లు జీవించెను.

అంతట పేటెంటు ప్రశ్న వచ్చెను. వైద్యుడైన బాంటింగు తన వృత్తిప్రమాణమునకు విరుద్ధమని మొదట తన పేరు చేర్చుటకే యొప్పుకొనలేదు. కాని వీరూరకున్నచో మరియొకడు దానిని తన పేర వ్రాయించుకొని రోగులను బాధింపవచ్చును; ఊరిబావిని ఊరిపేర వ్రాయింపకున్నచో నెవడో తాళము బిగించునట్లు. కావుననే యర్జీ పెట్టి, 1923 జనవరిలో మువ్వురును తలకొక్క డాలరు పుచ్చుకొని హక్కును విశ్వవిద్యాలయమున కిచ్చివేసిరి.

రెండవ కథ అమెరికాది. స్టాన్ఫర్డు విశ్వవిద్యాలయములోని కోహెను, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములోని బాయరు, ఒక ప్రాణి జన్యువును సూక్ష్మజీవిలో నతికించు విద్యను 1973 నవంబరులో ప్రకటించిరి. ఈ విద్యవలననే 1978లో సూక్ష్మజీవులచేత మానవ యిన్సులినును చేయింపగలిగిరి. కోహెను సయితము పేటెంటనగా మొదట జంకినవాడే. విశ్వవిద్యాలయమువారు నచ్చజెప్పి 1974 నవంబరులో, అమెరికా చట్ట మిచ్చిన యేడాది గడువు తీరుటకు వారము ముందు, అర్జీ పెట్టించిరి. ఇతర దేశములలో హక్కు అప్పటికే పోయినది. 1980లో వచ్చిన యా పేటెంటు 1997లో ముగియులోపల 25 కోట్ల డాలర్లకు మించి తెచ్చినది. అంత ధనము వచ్చినను మే మాక్షేపింపము. ఏలయన, తాళపుచెవి నొక్కరి కొంగున గట్టక, రుసుము చెల్లించిన 400కు పైబడిన కంపెనీల కిచ్చిరి. విశ్వవిద్యాలయ పరిశోధకులను రుసుమే యడుగలేదు.

1980లోనే అమెరికాలో బే-డోలు చట్టము పుట్టి, ప్రభుత్వధనముతో కనుగొన్న వానిపై హక్కులను విశ్వవిద్యాలయములకు వదలినది. అటుపిమ్మట పేటెంట్లు పెరిగినవి. ఒక్క కంపెనీకే హక్కంతయు కట్టబెట్టుటయు గలదు. మందు సిద్ధమగుటకు ఏండ్లును కోట్లును బట్టును గావున, పోటీ లేదన్న హామీ లేనిదే కంపెనీలు ముందుకు రావని వారి సమాధానము. అందు నిజము లేకపోలేదు. అయినను పన్నుగా నొకసారి చెల్లించిన తల్లియే బిడ్డ మందునకు మరల నధికమైన వెల చెల్లించుట మాకు న్యాయముగా తోచదు.

నేడు మన యాడుబిడ్డలును జీవసాంకేతిక పరిశోధనలు చేయుచున్నారు. హక్కు నొక్కరికిత్తురా, పలువురికా? పుచ్చుకొన్న కంపెనీ మందు చేయక మూలబెట్టినచో హక్కు తిరిగి వచ్చునా? ఇవి సంతకమునకు ముందే వా రడుగవలసిన ప్రశ్నలు. వ్యాసము నచ్చున కిచ్చుటకు ముందే యర్జీ సంగతి తేల్చుకొనుటయు మేలు.