పిమ్మటయా, క్రిందటయా?

నూతన సంవత్సరాగమన వేళ పలుదేశములలో పాడుకొను ‘ఆల్డ్ లాంగ్ సైన్’ గీతమును విననివారు అరుదు. అందలి తుదిపదమునకు అర్థము చెప్పగలవారు మాత్రము కొలదిమంది. దానిని ‘జైన్’ అని పలుకుటయు కలదు; సకారమే సాధువు.

‘సైన్’ ప్రాచీన స్కాట్స్ భాషలోని క్రియావిశేషణము. 1375 ప్రాంతమున జాన్ బార్బర్ రచించిన ‘బ్రూస్’ కావ్యమున ఇది పలుమారులు కానవచ్చును. రాజు ఏరు దాటెను, ‘సైన్’ కోటను ముట్టడించెను అనినట్లు కథను ముందునకు నడపుట దాని ముఖ్యమైన పని, అనగా ‘పిమ్మట’. ‘సూన్ ఆర్ సైన్’ అను జాతీయమునందును భావమిదియే: నేడో, రేపో.

‘లాంగ్’ చేరినంతనే చూపు వెనుకకు మరలును. ‘చాలకాలము క్రిందట’ అగును. ఇందు వైరుధ్యమేమియు లేదు. గడచినదానినుండి ఇటు లెక్కించిన పిమ్మట, నేటినుండి అటు లెక్కించిన క్రిందట. మన ‘ముందు’ మాత్రము ఇట్టిది కాదా? ‘ముందే చెప్పితిని’ అన్నచో గతము, ‘ముందు గతి యేమి’ అన్నచో భవిష్యత్తు! ఆంగ్లమునందలి ‘సిన్స్’ దీనికి తోబుట్టువు. రెండింటికిని ‘సిథెన్’ అను పాతరూపమే మూలము.

1796లో అచ్చయిన రాబర్ట్ బర్న్స్ గీతము ఈ పదమును లోకమంతట ప్రసిద్ధము చేసినది. ఆ ప్రసిద్ధియే దానికి చెరయు నైనది. స్కాట్లండు వెలుపల ‘పిమ్మట’ అను అర్థము మరుగున పడినది. విలియం క్రేగీ ఆరంభింపగా 1931 నుండి వెలువడుచు, 2002లో 12వ సంపుటముతో పూర్తియైన ప్రాచీన స్కాట్స్ నిఘంటువు అట్టి అర్థములను ప్రయోగసహితముగ భద్రపరచినది. బడులలో ఈ పాటను నేర్పు ఉపాధ్యాయులు పల్లవితో ఆగక, ఆ నిఘంటువు పుటను సైతము విద్యార్థులకు చూపవలెనని మా విన్నపము.