పదును లేని కత్తి

ఫిలిప్పీను దీవులలో మనీలా నగరమునకు దక్షిణమున బటాంగాస్ రాష్ట్రమందు తాఆల్ అను పాతపట్టణము కలదు. అది రెండు పనులకు పేరుపొందినది. ఒకటి సూదిపని, రెండవది కత్తిపని. 1898లో ఫిలిప్పీనుల తొలి జాతీయపతాకమును హాంకాంగులో కుట్టిన మార్సెలా అగొన్సిల్యో ఈ ఊరి ఆడపడుచే. కత్తుల తయారికి ప్రసిద్ధమైన పల్లె ఆ పట్టణమునకు చేరియే యున్నది. పల్లె పేరు బాలిసాంగ్. అచటి మడతకత్తి పేరును అదియే. ఇంగ్లీషువారు దానిని బటర్‌ఫ్లై నైఫ్ అనిరి. సీతాకోకచిలుక కత్తి అన్నచో తెలుగున చక్కగా నప్పును. విరిగిన కొమ్ము అను అర్థముగల రెండు తగలోగు మాటలు కలిసి బాలిసాంగ్ అయినదని ఒక వ్యుత్పత్తి చెప్పుదురు. మన గ్రామనామములకు స్థలపురాణములు కల్పించిన వ్యుత్పత్తులను ఎరిగినవారు దానిని విని ఊరకుందురు గాని, వెంటనే నమ్మరు.

ఈ కత్తి పేరు మన విద్యార్థులలో కంప్యూటరు ఆటలాడువారికి క్రొత్త కాదు. 2014లో కౌంటర్ స్ట్రైక్ అను ప్రసిద్ధమైన ఆటలో దీనిని చేర్చిరి. తెరపై చూచినదానిని చేత పట్టవలెనను కోరిక బాలురకు సహజము. కావున ఇది ఏమి వస్తువు, ఇందు నేర్వదగినదేమి, విడువదగినదేమి అను విచారము ఉపాధ్యాయులకు అవసరము. వస్తువును ఎరుగకయే నిషేధించువాని మాటను పిల్లలు లెక్కచేయరు.

దీని నిర్మాణము సామాన్యము. అలుగు మొదట రెండు మేకులుండును. ఒక్కొక్క మేకుపై ఒక్కొక్క పిడి విడిగా తిరుగును. మూసినపుడు రెండు పిడుల గాడులలో అలుగు దాగును. తెరచినపుడు ఆ రెండును వెనుకకు తిరిగి, జతగూడి ఒక్క పిడియగును. స్ప్రింగు లేదు, మీట లేదు. ఒక చేత త్రాడో కొమ్మయో పట్టుకొన్నవాడు రెండవ చేతితోనే దీనిని తెరచుకొనవచ్చును. తాఆల్ కమ్మరులు పాత మోటారు బండ్ల స్ప్రింగుపట్టీలను, బేరింగుల ఉక్కును కాచి అలుగులు సాగగొట్టుదురు. పిడులకు ఇత్తడి, ఎముక, దున్నకొమ్ము వాడుదురు. తెరచినపుడు ఇరువదితొమ్మిది సెంటీమీటర్ల నిడివిగల రకమునకు స్పానిషు అంకెలలో 'ఇరువదితొమ్మిది' అనియే పేరు. మూడువందల యేండ్లకు పైబడిన స్పానిషు పాలన, కత్తిపేరునకు ఒక అంకెను మిగిల్చి పోయినది!

దీనిని త్రిప్పుట ఒక విద్య. రెండు పిడులలో ఒకటి అలుగు వెన్నువైపునకు మూసుకొనును. రెండవది వాదర వైపునకు మూసుకొనును. ఈ రెండవదానిని ఎరిగినవారు 'కరచు పిడి' అందురు; మూతను బిగించు కొక్కెము సాధారణముగా దానికే యుండును. మొదటి పిడిని పట్టి మణికట్టును కదల్చినచో రెండవది గాలిలో అర్ధవలయముగా తిరిగివచ్చి అరచేత చేరును. దారి తప్పినను వ్రేలికి తగులునది వెన్నే. పట్టు మారి కరచు పిడి చేతికి వచ్చినచో వ్రేలు తెగును. అభ్యాసమంతయు ఏ క్షణమున ఏ పిడి చేతనున్నదో కన్నుతో పనిలేకుండ చేయి ఎరుగుటయందే కలదు. వేగము ఆ పిమ్మట వచ్చును. మృదంగమున పాఠములను విలంబకాలమున మొదలిడి ద్రుతమునకు పోవు శిష్యునకు ఈ క్రమమును వేరుగా బోధింప నక్కరలేదు.

అభ్యాసమునకై వేరొక రకము కలదు. దానియందు అలుగునకు బదులు వాదరయు మొనయు లేని లోహపు పలక యుండును. బరువు అసలు కత్తికి దగ్గరగా నుండునట్లు దానికి రంధ్రములు తొలుతురు. దీనితో త్రిప్పలేని త్రిప్పుడు లేదు. విసరి పట్టుట, వ్రేళ్ల సందులనుండి నడపుట, మణికట్టు మీదుగా దొర్లించుట, ఈ అన్నిటికి పదునుతో పనియే లేదు. ఈ ఒక్క సంగతిని గుర్తించినచో తక్కిన చర్చ సగము తీరును. విద్య పిడులయందున్నది, అపాయము అలుగునందున్నది. రెంటిని విడదీయుట సాధ్యము, సులభము కూడ.

విడదీయనందున కలిగిన చిక్కును దేశదేశముల చట్టములు చూపుచున్నవి. లెస్ డి ఆసిస్ అను నాతడు 1979లో కాలిఫోర్నియాలో ఈ కత్తుల పేరిటనే ఒక సంస్థను స్థాపించెను. ఆ తరువాతి యేండ్లలో అమెరికా చలనచిత్రములు దీనిని దుండగుల చేత నుంచి లోకమంతట చూపినవి. బ్రిటను 1988లో దీని విక్రయమును నిషేధించెను. 2021 జూలై నుండి ఇంటియందుంచుకొనుటయు అచట నేరమైనది. జర్మనీ 2003లో నిషేధించెను. హవాయిలో 1999లో నిషేధచట్టము వచ్చెను. 2023లో అప్పీలు న్యాయస్థానము ఆ చట్టము రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. 2024లో అచటి శాసనసభయే తన చట్టమును సడలించెను. అన్నిటికంటె ఆలోచింపదగినది పుట్టింటి చట్టము. ఫిలిప్పీనులలోనే 1978 నాటి శాసనము ప్రకారము, జీవనోపాధికి అవసరమైన పనిముట్టుగా గాని మరియొక న్యాయమైన పనికి గాని తప్ప, పదునైన కత్తిని ఇల్లు దాటి వెంట గొనిపోవుట శిక్షార్హము. కత్తి చేయువానిని ఆ చట్టము నేరగానిగా చూడలేదు. కారణము లేక మొలలో దోపుకొని తిరుగువానిని చూచినది. ఇంటనున్న వస్తువును సైతము నేరము చేసిన బ్రిటిషు చట్టముకంటె ఇది వివేకవంతమైన విభాగము.

మన దేశమున 1959 నాటి ఆయుధచట్టపు నిబంధనలు అలుగు తొమ్మిది అంగుళముల పొడవును గాని రెండంగుళముల వెడల్పును గాని మించిన కత్తులను ఆయుధములలో చేర్చి, ఇంటిపనికి, సేద్యమునకు, శాస్త్రమునకు, పరిశ్రమకు ఏర్పడినవానిని విడిచినవి. ఢిల్లీలో 1980 నాటి ప్రకటన యంత్రపు ఏర్పాటుతో తెరచుకొను కత్తులకు మరింత చిన్న కొలతలు విధించినది. సీతాకోకచిలుక కత్తి సామాన్యముగా తొమ్మిది అంగుళములకు లోబడియే యుండును. అయినను కొలత తగ్గినంతమాత్రమున కత్తి బొమ్మ కాదు. దానిని చూపి బెదిరించినవాడు కొలబద్ద చూపి తప్పించుకొనజాలడు.

ఆత్మరక్షణకు వెంట నుంచుకొందుమను వాదము తరచు వినవచ్చును. కాని జగడములలో సగము, చేతియందు వస్తువు లేనిచో మాటలతో ముగియును. భయమువలన కత్తి పట్టినవాడు అంతకంటె భయపడినవాని కంటబడినపుడు జరుగునదే పత్రికలలో మరునాడు చదువుచున్నాము. బాలునకు ఈ మాటను నీతివాక్యముగా గాక లెక్కగా చెప్పవలెను.

సేకరణ సంగతి వేరు. మేకు చుట్టు పిడి ఎంత బిగువుగా, ఎంత స్వేచ్ఛగా తిరుగుచున్నదో వెండ్రుకవాసిగా పరీక్షించి, ఇత్తడిని టైటానియముతో పోల్చి, పనివాని చేతిని గుర్తుపట్టు సేకర్త ఒక విధమున పండితుడే. అట్టివారివలననే చేతిపనికి వెల నిలుచును. కంప్యూటరు ఆటలో రంగులద్దిన కత్తిబొమ్మలకు వేలకువేలు పోయుచున్నవారిని మాత్రము ఏమనవలెనో తోచదు. వారి వ్రేలు తెగదు, వారి చేయి నేర్వదు, తాఆల్ కొలిమికి ఒక్క బొగ్గుముక్కయు చేరదు.

మన సాముగరిడీలలో బాలుని చేత మొదట పెట్టునది కర్ర. గురువు చాలకాలము అడుగులే చూచును. పాఠశాలలో ఒక బాలుని సంచియందు పదును లేని అభ్యాసపు కత్తి కనబడినచో ఉపాధ్యాయుడు దానిని మొదట తన చేతితో తడవి చూడవలెను. పదునులేదని తేలినపిదప తరగతిలో దానికి తావు లేదని చెప్పి, సాయంకాలము ఆటస్థలమున త్రిప్పి చూపుమని అడిగినచో, ఆ బాలుడు ఎన్నినెలలు సాధన చేసెనో తెలియును. గణితమున నిలువని ఓర్పు అచట నిలిచియుండవచ్చును. సంచియందున్నది వాదరగల కత్తియైనచో, ఆ సాయంకాలమే తల్లిదండ్రులను పిలిపించి, వారి చేత పెట్టి, బాలుడు దానిని ఎవరికి జడిసి తెచ్చుకొన్నాడో విచారింపవలెను.