మూడో బిడ్డని కనమంటారు సరే, పురిటి కూలి ఎవులిస్తారు?

2024 నవంబర్‌లో మన అసెంబ్లీ రెండు సవరణ బిల్లులు పాస్ చేసినాది. ఇద్దరి కంటే ఎక్కువమంది పిల్లలున్నా ఇకమీద పంచాయతీకి, మున్సిపాలిటీకి పోటీ చెయ్యొచ్చు. 2025లో సర్కారు మహిళా ఉద్యోగుల ప్రసూతి సెలవుకి కూడా ఇద్దరు పిల్లల లెక్క తీసేసినారు. మంచిదే, నాకేటీ పేచీ నేదు. జనాభా తగ్గిపోతంది, పిల్లల్ని కనండి అని ముఖ్యమంత్రి చంద్రబాబు సెప్తానే ఉన్నారు.

మరి కనేది ఎవులు? పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టేది, పప్పు తొక్క తీసేది ఎక్కువమంది ఆడోళ్లే. చాలాచోట్ల కిలో లెక్కన కూలి. పిక్కలోని జీడి చేతులు కాల్చేస్తాది. నెలలు నిండుతున్నా కూకుని పని చేస్తారు. మానేసిన రోజు డబ్బు రాదు కదా.

చట్టం నేదేటి? 1961 నుంచీ ఉన్నాది. ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిపేసినారు గానీ లెక్క అదే. పదిమంది పనిచేసే చోట, కానుపుకి ముందు ఏడాదిలో 80 రోజులు పని చేసుంటే, మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు జీతంతో సెలవు. కాంట్రాక్టరు కింద చేసినా హక్కే. కానీ 80 రోజులని రుజువు ఏటి? మస్టర్‌లో పేరుండాలి. పేరు నేనోళ్లకి ఆ చట్టం గోడమీద కేలెండరే. ఇంకో ముచ్చట సూడండి. మూడో బిడ్డకి 12 వారాలే. కనమనేది మూడో బిడ్డని, సెలవు కోసేది కూడా ఆ బిడ్డ దగ్గరే!

2013 ఆహార భద్రత చట్టం ఇంకా సూటిగా సెప్పినాది. సర్కారు ఉద్యోగులు, వేరే చట్టం కింద ఇలాటి లాభం దొరికేవోళ్లు తప్ప, గర్భిణికీ బాలింతకీ 6,000 రూపాయలకి తగ్గకుండా ఇవ్వాలని. మొదటి కానుపుకే అని ఆ సెక్షన్‌లో ఎక్కడా నేదు. 2017లో మాతృ వందన పథకం వొచ్చి దాన్ని 5,000కి దించి, మొదటి బిడ్డకే అన్నాది. తర్వాత రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 కలిపినారు. రెండోసారి మగబిడ్డని కన్న తల్లికి ఆకలెయ్యదేటి? పక్కన తమిళనాడు ముత్తులక్ష్మి రెడ్డి పేరుమీద రెండు కానుపులకి, నగదూ కిట్లూ కలిపి, 18,000 ఇస్తంది. మన అసెంబ్లీ తల్చుకుంటే అవదా?

ఉద్దానం సంగతి మరీ వేరు. కిడ్నీ దెబ్బతిన్న ఆడమనిషి కడుపుతో ఉంటే బీపీ పెరగడం, నెలలు నిండకుండా కానుపైపోవడం ఎక్కువ. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో తెరిచినారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కడుపుతో ఉన్న ప్రతి మనిషికీ క్రియాటినిన్ పరీక్ష చెయ్యాలని రాష్ట్రం ఒక నిబంధన రాస్తే, ఆ ఆసుపత్రికి తల్లులు డయాలసిస్ దాకా రాకుండానే పని దొరుకుతాది. ఇప్పుడైతే ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచిత పరీక్షల రోజు ఉన్నాది. ఆ రోజు క్రియాటినిన్ కూడా రాయమని డాక్టర్ని అడగండి.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ చేతిలో ఫోనుంది. మీ అక్క, వదిన పనికెళ్లిన రోజులూ, తూకం చీటీలూ ఫోటో తీసి దాచండి. మస్టర్‌లో పేరు రాయకపోతే లేబర్ ఆఫీసులో ముందు పెట్టాల్సినవి అవే.