ఫోన్ ఫుల్ ఛార్జ్ కావాలా? ఐదు బిందెలు ఎత్తండి!

కరెంటు పొదుపు మీద గేమ్ అనగానే గుర్తొచ్చేది ఒకటే. ఇల్లంతా తిరుగుతూ లైట్లు ఆర్పడం, పాయింట్లు కొట్టడం. రెండు లెవల్స్ అయ్యేసరికి అన్‌ఇన్‌స్టాల్! అమ్మ రోజూ చెప్పేదే హెడ్‌సెట్ పెట్టుకుని మళ్లీ వినడం ఎందుకు?

అందుకే నేను వీఆర్ గేమ్ డిజైన్ చేస్తే సీన్ ఇంట్లో కాదు, నంద్యాల జిల్లా పాణ్యం కొండల్లో పెడతా. పాణ్యం మండలం పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టుకు 2022 మే నెలలో శంకుస్థాపన జరిగింది. ఐడియా సింపుల్. పైన ఒక రిజర్వాయర్, కింద ఒకటి. పగలు కరెంటు మిగిలితే నీళ్లు పైకి తోడతారు. సాయంత్రం అందరిళ్లలో స్విచ్‌లు పడే టైంకి కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. అంటే కొండే బ్యాటరీ.

నా గేమ్ మొదటి లెవల్లో పంపు ఉండదు. పంపు మీరే! 15 లీటర్ల బిందెతో 100 మీటర్ల ఎత్తు ఎక్కాలి. నష్టాలేం లేవనుకున్నా, ఒక బిందెకు వచ్చేది 4 వాట్ అవర్లే. 5000 ఎంఏహెచ్ ఫోన్ ఒకసారి నిండాలంటే ఐదు బిందెలు. 75 వాట్ల పాత ఫ్యాన్ గంట తిరగాలంటే 18 పైనే. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్‌కైతే ఏడెనిమిది చాలు. ఏసీ గంటకు యూనిట్‌న్నర లాగిందంటే 360 దాటిపోతాయి!

హెడ్‌సెట్ బరువు చూపించలేదు కదా అంటారా? నిజమే. అందుకే కంట్రోలర్లతో చేతులు మార్చి మార్చి తాడు లాగితేనే బిందె కదిలేలా పెడతా. ఊరికే కళ్ల ముందు కొండ కదిలి, ఒళ్లు కదలకపోతే తల తిరుగుతుంది. చేతులు పనిచేస్తుంటే ఆ ఇబ్బంది కొంత తగ్గుతుంది. పైగా కరెంటు విలువ భుజాలకు తెలుస్తుంది.

రెండో లెవల్లో సూర్యుడొస్తాడు. పక్కనే గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. మధ్యాహ్నం బిందెలు వాటంతటవే ఎక్కుతాయి. పొద్దుగూకితే ఆగిపోతాయి. పైకెక్కించడానికి 100 యూనిట్లు వాడితే తిరిగొచ్చేది 75-80 మాత్రమే. అందుకే వాషింగ్ మెషీన్ మధ్యాహ్నం వేసినవాళ్లకు బిందెలు మిగులుతాయి, రాత్రి ఏడింటికి వేసినవాళ్లకు ఖర్చవుతాయి. ఎంత వాడామన్నదే కాదు, ఎప్పుడు వాడామన్నదీ లెక్కే.

ఈ గేమ్‌లో నీతి వాక్యాలుండవు. ఆడి హెడ్‌సెట్ తీశాక, ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే 18 బిందెలు గుర్తొస్తే చాలు. చెయ్యి దానంతటదే స్విచ్ దగ్గరికెళ్తుంది.