నిమిషాల లెక్కా, దినాల లెక్కా

పీఎఫ్ కాయితాల గురించి రాస్తానని పోయిన నెల చెప్పినాను. అది వచ్చే నెల చూద్దాం. ఈసారి మా ఇంట్లో జరిగింది చెప్పాల. మన మిల్లు ఇండ్లలో పిల్లోళ్ల సెల్లుల్లో ఇదే నడస్తా ఉండాది.

మా మనవడు స్పిన్నింగ్ మిల్లులో సైడరు. ఒక దినం రాత్రి షిఫ్టు ముగించి వచ్చి, "తాతా, నీ గ్రాట్యుటీ డబ్బులో యాభై వేలు ఇస్తావా? డాలరు కొని అమ్ముతాను. ఐదు నిమిషాల చార్టు చూడాల్నా, గంట చార్టు చూడాల్నా, అదొక్కటే తేలాల" అన్నాడు.

నాకు చార్టు తెలీదు. టయిము తెలుసు, 32 ఏండ్లు మిల్లు సంగుకు లేచినోణ్ణి. "ఒరే, నువ్వు ఏ టయిములో చూస్తావు?" అని అడిగితే, "రాత్రి పదకొండుకు, టీ తాగే పొద్దులో" అన్నాడు.

మా వీధిలో బ్యాంకు నుంచి రిటైరైన అన్న ఒకాయన ఉండాడు. ఆయన వింటూనే నవ్వినాడు. మన దేశం ఎక్స్చేంజిలో డాలరు-రూపాయి వ్యాపారం పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా. యూరో-డాలరు మాదిరి రూపాయి లేని జతలు 7:30 దాకా. మరి రాత్రి పదకొండుకు తెరిచిన అంగడి ఎవరిది? అట్లాంటి ఆప్‌ల పేర్లతోనే రిజర్వు బ్యాంకు 2022లో ఒక హెచ్చరిక లిస్టు వేసింది. వాటిలో వ్యాపారం చేస్తే చట్టప్రకారం తప్పు మన మీదే పడతాది. మావాడు అప్పటికే 8 వేలు వేసినాడు. వెనక్కి అడిగితే ఇంకో 3 వేలు కట్టమంటా ఉండారు.

చార్టు సంగతికి వస్తాను. ఎక్స్చేంజిలో ఒక లాటు అంటే 1000 డాలర్లు. రూపాయి ఒక పైసా కదిలితే 10 రూపాయలు. ఐదు నిమిషాల్లో రెండు పైసలు మనవైపు కదిలినా 20 రూపాయలే. దాంట్లో కొన్నప్పుడు కమిషను, అమ్మినప్పుడు కమిషను. దినానికి ఇరవై తడవలు చేస్తే కమిషను ఎవరికి చేరతాదో చూసుకోండి. దినం చార్టు చూసేవానికి ఆ కర్చు తక్కువ. కానీ అదీ ఊరికే రాదు. 50 పైసలు ఎదురు తిరిగేదాకా ఓర్చుకుంటే లాటుకు 500 పోతాది. తొందరపడేవానిది చిల్లరగా కారతాది, నిదానస్తునిది ఒకేసారి పోతాది. కొత్తవాడు దినానికి ఒక్కసారి చూడటమే మేలని నాకు తోస్తాది. కనీసం నిద్రన్నా మిగులుతాది.

మన మాట్టుతావణి పూల మార్కెట్టులో మల్లె తెల్లారి ఒక రేటు, ఎండెక్కినాక ఒక రేటు. పువ్వు వాడిపోతాది కాబట్టి ఆ వ్యాపారి గంటగంటకూ చూడాల్సిందే. నూలు ఎగుమతి చేసే ముదలాళికి మూడు నెలలకు డాలర్లు వస్తాయి, ఆయన లెక్క మూడు నెలలు. మావానికి వాడేదీ లేదు, రావాల్సిందీ లేదు.

ఇది నా చాదస్తం కాదు. రూపాయి జతల్లో దిగేవానికి నిజంగా డాలర్ల రాకో పోకో ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో మళ్ళీ గట్టిగా చెప్పింది, మే 3 నుంచి అమలు. ఉత్త జూదానికి ఆ తలుపు లేదు. ఇది చెబితే మావాని మొగం వాడిపోయింది. "అయితే షేర్ల ఆప్షన్లు చేస్తాను" అన్నాడు. అక్కడ మూడేండ్లలో నూటికి 93 మంది పోగొట్టుకున్నారని సెబీ 2024లో చెప్పిందని బ్యాంకు అన్న చదివి వినిపించినాడు.

ఆ 3 వేలు కట్టనియ్యలేదు. 1930కి ఫోన్ చేసి కంప్లైంటు ఇప్పించినాను. 8 వేలు వస్తాయో రావో చూడాల.

ఇప్పుడు వాడు దినమూ పేపర్లో డాలరు రేటు చూసి నోట్లో రాస్తాడు. రేపు ఎక్కుతాదా దిగుతాదా అని పక్కన పెన్సిలుతో గుర్తు పెడతాడు. డబ్బు లేదు, ఉత్త కాయితమే. ముప్పై దినాల్లో పదమూడు సరిపోయినాయి. గ్రాట్యుటీ పాసుబుక్కు మీ అవ్వ పెట్టెలోనే ఉండాదిరా అని చెప్పినాను.