రెండు దేనారములకు దరఖాస్తు



మన సంఘాల్లో నర్సింగు, ఎం.బి.బి.ఎస్. చదివే పిల్లలు ఇప్పుడు వీధికి ఒకరిద్దరైనా ఉన్నారు. వారి తలిదండ్రులు ప్రార్థన కొరకు వచ్చినప్పుడు పరీక్షల గురించి, పీజీ సీటు గురించి చెబుతారు. పిల్లలు అడిగేది మాత్రం వేరు. "అయ్యగారూ, వార్డులో రోగుల కోసం ఒక చిన్న పని తలపెట్టాం. కొంచెం డబ్బు కావాలి. దరఖాస్తు ఎలా రాయాలి?" గడచిన రెండేళ్ళలో ఇలాంటి కాగితాలు నా బల్లమీదికి అయిదారు వచ్చాయి. కనుక ఈ నెల ఆ సంగతి మాట్లాడుకుందాం.

డబ్బు మాటకు ముందు అవసరం మాట. మూడవ సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి నాతో ఇలా అంది: "మొదట్లో ప్రతి పేషెంటు పేరూ గుర్తుండేదండీ. ఇప్పుడు పదమూడో బెడ్డు, హెర్నియా కేసు, అలా గుర్తుంటోంది. నాకే భయంగా ఉంది." ఆమె రాతిగుండె పిల్ల కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జెఫర్సన్ వైద్య కళాశాల పరిశోధకులు తమ విద్యార్థులను ఏటేటా ప్రశ్నించి 2009లో ఒక వ్యాసం ప్రచురించారు. రోగి బాధను అర్థం చేసుకునే గుణం మొదటి రెండేళ్ళు నిలకడగా ఉండి మూడవ యేట బాగా పడిపోయిందని అందులో తేలింది. మూడవ యేడంటే అక్కడ విద్యార్థులు తరగతి గది వదలి రోగుల మధ్యకు వచ్చే యేడు. రోగి దగ్గరకు వచ్చాక పెరగవలసిన కనికరం తరిగిపోవడం ఎంత విచారకరం!

మన దేశంలో కూడా 2019 నుండి ఎం.బి.బి.ఎస్. చదువులో వైఖరి, నీతి, రోగితో మాట్లాడే తీరు నేర్పడానికి ఎట్‌కామ్ అనే భాగం చేర్చారు. మంచిదే. అయితే నూరు మంది కూర్చున్న హాలులో కనికరం గురించి వినడం వేరు, ఒక ముసలాయన పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం వేరు. ఆ స్టూలు ఎవరు కొంటారన్నదే ఈ నెల మన విషయం.

చిన్న మొత్తాలను తేలికగా చూడవద్దు. 1948లో లండనులో డేవిడ్ టాస్మా అనే పోలండు యూదుడు క్యాన్సరుతో మరణిస్తూ, తనను ఓదార్చిన సిసిలీ సాండర్స్ అనే ఆమెకు 500 పౌండ్లు వదలి వెళ్ళాడు. ఆమె కట్టబోయే గృహంలో తాను ఒక కిటికీగా ఉండాలన్నది అతని కోరిక. ఆ తరువాత ఆమె వైద్యం చదివి డాక్టరైంది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అనే ఆశ్రయాన్ని తెరిచింది. అంతిమదశలో ఉన్నవారి సేవను వైద్యులకూ నర్సులకూ నేర్పడం ఆ సంస్థ పనిలో మొదటినుండీ భాగమే. ఒక్క కిటికీ ఖరీదుతో మొదలై పంతొమ్మిదేళ్ళు పట్టింది.

ఇలాంటి పనికే ప్రత్యేకించి ఏర్పడిన సంస్థలూ ఉన్నాయి. పిల్లల నరాల వైద్యుడు ఆర్నాల్డ్ గోల్డ్, ఆయన భార్య సాండ్రా కలిసి 1988లో అమెరికాలో స్థాపించిన గోల్డ్ ఫౌండేషన్ అలాంటిది. 1993లో వైద్య విద్యార్థులకు తెల్లకోటు తొడిగే వేడుకను ప్రారంభించింది వీరే. అక్కడి విద్యార్థులు వేసవిలో చేసే చిన్న ప్రాజెక్టులకూ ఈ సంస్థ సహాయం చేస్తూ వచ్చింది. అమెరికాలో వైద్యం చదువుతున్న బిడ్డలున్న పాఠకులు ఈ సంగతి వారికి తెలియజేయండి. ఇక్కడ మనకు దగ్గరగా ఉన్నవి కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘాలు, రోటరీ, లయన్స్ క్లబ్బులు, మన స్త్రీల సమాజాలు. పరిశోధన రూపంలో చేయదలిస్తే, 1979లో ఐ.సి.ఎం.ఆర్. మొదలుపెట్టిన స్వల్పకాల విద్యార్థి పథకం వైద్య విద్యార్థులకు బాగా తెలిసినదే.

ఇక దరఖాస్తు సంగతి. పైన చెప్పిన అమ్మాయే తన స్నేహితులతో కలిసి అయిదు పేజీలు రాసి తెచ్చింది. మొదటి వాక్యంలోనే "సమాజంలో సంపూర్ణ కరుణామయ వైద్య వ్యవస్థను నెలకొల్పుట" అని ఉంది. నేను కాగితం పక్కన పెట్టి, "అమ్మా, నిన్న వార్డులో నీకు బాధ కలిగించినది ఒక్కటి చెప్పు" అన్నాను. కాసేపు ఆలోచించి చెప్పింది. డిశ్చార్జి అయిన ఒక పెద్దావిడ మందుల పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని మెట్లమీద కూర్చుంది. ఏది పొద్దున్నో ఏది రాత్రో ఆమెకు తెలియదు. చదువు రాదు. వెంట వచ్చిన మనవడు బస్సు వేళ చూసి రావడానికి వెళ్ళాడు. "అది రాయి" అన్నాను.

రెండవసారి ఒకటిన్నర పేజీ తెచ్చింది. వారానికి మూడు సాయంత్రాలు, పన్నెండుమంది విద్యార్థులు వంతులవారీగా, ఇంటికి వెళ్ళే రోగి పక్కన పది నిమిషాలు కూర్చుంటారు. సూర్యుడు, చంద్రుడు బొమ్మలున్న అట్టమీద ఏ మాత్ర ఎప్పుడో గుర్తు పెడతారు. తరువాత రోగి చేతనే తిరిగి చెప్పిస్తారు. అట్టలు 500, ఒక్కొక్కటి 8 రూపాయల చొప్పున రూ. 4,000. ప్లాస్టిక్ స్టూళ్ళు ఆరు, రూ. 2,700. ముందుగా రెండు పూటలు శిక్షణ ఇచ్చే సీనియరు నర్సుకు రూ. 3,000, ఆ రెండు పూటల టీ ఖర్చు రూ. 1,120. మొత్తం రూ. 10,820. డబ్బిచ్చేవారికి ఇంతకంటే వేరే వివరణ అక్కరలేదు. చివర ఇరవై రూపాయలు కూడా తప్పకుండా లెక్క కట్టిన కాగితాన్ని ఎవరైనా నమ్ముతారు. "ఇతర ఖర్చులు రూ. 5,000" అని రాస్తే ఎవరికైనా అనుమానమే.

సమరయుడు పూటకూళ్లవానికి ఇచ్చినది రెండు దేనారములే కదా. ఫలానా మనిషిని చూసుకోవాలని పని చెప్పాడు, తిరిగి వచ్చి లెక్క చూస్తానన్నాడు. దరఖాస్తులో ఉండవలసినవీ ఇంచుమించు అవే.

అయితే ఇది విద్యార్థుల శిక్షణ కొరకు అడుగుతున్న డబ్బు. రోగికి ఏమి జరుగుతుందో రాసి ఊరుకుంటే సగమే రాసినట్టు. విద్యార్థి ఏమి నేర్చుకుంటాడు? అది ఎలా తెలుస్తుంది? ఆ అమ్మాయి బృందం రెండు మార్గాలు రాసింది. మొదటి వారంలోనూ ఆఖరి వారంలోనూ ఎందరు రోగులు తమ మందులు సరిగా తిరిగి చెప్పగలిగారో లెక్కించడం ఒకటి. ప్రతి విద్యార్థి వారానికి అరపేజీ, తాను కలిసిన ఒక మనిషి గురించి, పేరు బయటపెట్టకుండా రాయడం రెండవది. ఆ అరపేజీలే అసలు ప్రాజెక్టు అని నా అభిప్రాయం. పదమూడో బెడ్డు మళ్ళీ మనిషిగా మారేది అక్కడే.

అనుమతుల మాట ఆలస్యం చేయవద్దు. విభాగాధిపతి, సూపరింటెండెంటు సంతకాలు ముందే కావాలి. రోగులను ప్రశ్నించి ఫలితాలను పరిశోధనగా ప్రచురించదలిస్తే కళాశాల ఎథిక్స్ కమిటీ ఆమోదం, రోగికి అర్థమయ్యే తెలుగులో సమ్మతి పత్రం తప్పనిసరి. రోగి ముఖం కనిపించే ఫొటోలు నివేదికలో వద్దు. దాతకు చూపించడానికి స్టూళ్ళ ఫొటో చాలు. ఇంకొక మాట, మనవాళ్ళకే చెబుతున్నాను. ఇలాంటి ప్రాజెక్టులో కరపత్రాలు చేర్చవద్దు. మంచం మీద ఉన్న మనిషి ఇష్టం లేకపోయినా లేచి వెళ్ళలేడు. మందుల గురించి చెప్పడానికి అనుమతి తీసుకుని వేరొకటి చెప్పడం నమ్మకద్రోహమే.

విదేశీ డబ్బు విషయంలో మరీ జాగ్రత్త. "డాలస్‌లో మా అన్నయ్య పంపిస్తాడు, సంఘం ఖాతాలో వేయించండి" అనేవారు తరచూ ఎదురవుతారు. ఆ అన్నయ్య ఇంకా భారత పౌరుడై, తన సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపితే అది వేరు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, లేదా అక్కడి సంస్థ పంపితే, అది విదేశీ విరాళం. 2010 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషను గాని ముందస్తు అనుమతి గాని లేని సంఘం దానిని తీసుకోరాదు. 2020 సవరణ తరువాత రిజిస్ట్రేషను ఉన్నవారు కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే తీసుకోవాలి, దానిని మరొక సంస్థకు బదిలీ చేయరాదు. పదివేల రూపాయల పని కోసం సంఘాన్ని చిక్కుల్లో పడవేయడం తెలివి కాదు. ఊళ్ళోనే అడగండి.

ఆ పిల్లల దరఖాస్తుకు వారి కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం రూ. 8,000 ఇచ్చింది. స్టూళ్ళు మన స్త్రీల సమాజం కొని ఇచ్చింది. కొనగా మిగిలిన వంద రూపాయల చిల్లర పిల్లలు ఆదివారం తెచ్చి, రసీదుతో సహా కోశాధికారి చేతికి అప్పగించారు. మూడవ నెల నివేదిక వచ్చే వారం పంపాలి. పరీక్షలు దగ్గరపడినందున పన్నెండుమందిలో తొమ్మిదిమందే ఇప్పుడు వస్తున్నారని అందులో ఉన్నదున్నట్టుగా రాశారు.