రోడ్డు పక్క యూనిట్ దండగ కాదు

హైవేపై వాహనాలు వైర్‌లెస్‌గా హెచ్చరికలు అందుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, వాహనం నుంచి వాహనానికి నేరుగా. రెండోది, రోడ్డు పక్క స్తంభానికి బిగించిన రేడియో యూనిట్ ద్వారా. మొదటిది ఉంటే రెండోది దండగ, మిగిలిన పని మొబైల్ నెట్‌వర్క్ చూసుకుంటుందన్న వాదన బలంగా వినిపిస్తోంది. ఈ వాదన లెక్కకు నిలవదు.

నేరుగా సందేశం అందాలంటే రెండు వాహనాల్లోనూ పరికరం ఉండాలి. వందలో పది వాహనాలకే పరికరం ఉంటే, తారసపడిన రెండింటికీ అది ఉండే అవకాశం నూటికి ఒక్కటే. రోడ్డు పక్క యూనిట్ మాత్రం పరికరమున్న మొట్టమొదటి వాహనానికే అక్కరకొస్తుంది. దానికి సెన్సార్లు జోడిస్తే, ఏ పరికరమూ లేని పాత లారీ ఆగిపోయినా వెనక వచ్చేవారిని హెచ్చరించగలదు.

టోక్యోలోని షుటో ఎక్స్‌ప్రెస్‌వే 4వ మార్గంలో, సంగుబాషి మలుపు దగ్గర 2005లో జరిగిన ప్రయోగం ఇదే. మలుపు అవతల ఆగిన వాహనాలు డ్రైవర్లకు కనిపించేవి కావు. సెన్సార్లు వాటిని పసిగట్టగానే, మలుపుకు ముందే కారులోని నావిగేషన్ తెరపై హెచ్చరిక వచ్చేది. 2011 నాటికి జపాన్ ఎక్స్‌ప్రెస్‌వేలపై దాదాపు 1,600 చోట్ల రోడ్డు పక్క యూనిట్లు వెలిశాయి.

మొబైల్ నెట్‌వర్క్ సిగ్నల్ ప్రమాదం పొంచి ఉన్న ప్రతిచోటా అందదు, అందినా సందేశం ఆలస్యం కావచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటిపోతుంది, అక్కడ ఆలస్యమైన హెచ్చరికకు విలువ లేదు.

యూనిట్లకు ఖర్చు ఎక్కువన్న మాటకు అమెరికాలోని వ్యోమింగ్ జవాబు చెబుతుంది. మంచు తుపానులకు, ఈదురుగాలులకు లారీలు బోల్తాపడే ఐ-80 హైవే అక్కడ 402 మైళ్లు సాగుతుంది. 2015లో ఎంపికైన పైలట్ ప్రాజెక్టు కింద అంత పొడవునా కలిపి పెట్టినవి దాదాపు 75 యూనిట్లే. అవసరమున్న చోట పెడితే చాలు.

సాంకేతికత మారితే పెట్టుబడి వృథా అన్న భయానికి మాత్రం ఆధారం ఉంది. 1999లో అమెరికా వాహనాల వైర్‌లెస్ సందేశాల అవసరానికి 75 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ కేటాయించింది. 2020లో దాన్ని 30కి కుదించి, పాత ప్రమాణానికి బదులు సెల్యులార్ ఆధారిత ప్రమాణాన్ని ఎంచుకుంది. అయితే ఆ దెబ్బ వాహనాల్లోని పరికరాలకూ తగిలేదే. పైగా స్తంభంపై ఉన్న ఒక యూనిట్‌ను మార్చడం, వేల వాహనాల్లో పరికరాలు మార్చడం కంటే ఎంతో తేలిక.

ప్రమాదకరమైన మలుపులు, ఘాట్లు, సొరంగాలు, మరమ్మతులు జరిగే చోట్ల ముందుగా యూనిట్లు రావాలి. వాహనాలన్నీ సిద్ధమయ్యాకే రోడ్డు సంగతి చూద్దామనడం ప్రాణాలతో చెలగాటం. ముందు సిద్ధం కావాల్సింది రోడ్డే.